మంచు ఇడిసిందా?

మొన్న బళ్ళో మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నప్పుడు, మా లెక్కల టీచరు క్యారియర్ మూత తీసి నా వైపు జరిపింది. మామిడికాయ పప్పు. ఈ ఏడాదికి మొదటి కాయట, వాళ్ళ పెరట్లోదేనట. పోపు వాసన బల్లంతా పరుచుకుంది. నోట్లో నీళ్ళూరిన మాట నిజమే. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏమండీ, మీకు పడదా?" అంది.

"పడుతుంది. ఇంకా కొత్త పండగ అవలేదు. కొండమీంచి ఫోన్ రావాలి" అన్నాను.

ఆమె నన్నో రకంగా చూసి క్యారియర్ తన వైపు లాక్కుంది. మొగుడు పోయిన ఆడదానికి పట్టే పిచ్చుల్లో ఇదొకటి అనుకుని ఉంటుంది. అనుకోనీ. ఆమెకి విషయం చెప్పాలంటే ముందు ఒక ముసలామె గురించి చెప్పాలి. గంట కొట్టేలోపు తెమిలే సంగతి కాదది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

చింతపల్లి నుంచి సీలేరు వైపు పోయే జీపెక్కి, ఒక మలుపులో దిగి, కాఫీ తోటల్లోంచి నడిచి వెళ్ళాల్సిన ఊరది. మా ఆయన పోయిన ఏడాదే నాకక్కడి బడికి బదిలీ అయింది. "దిక్కులేనిదాన్ని చేసి అడవిలో పారేశారే" అని మా అక్క ఏడ్చింది. నాకు మాత్రం లోపల్లోపల హాయిగానే ఉంది. కింద ఉన్నన్నాళ్ళూ పలకరించడానికి వచ్చినవాళ్ళు నా ప్రాణం తోడేశారు. ఎలా జరిగింది, ముందుగా ఏమీ తెలియలేదా, అయ్యో పిల్లలైనా లేరే, మరిప్పుడెలా. చెప్పిందే చెప్పీ చెప్పీ నా గొంతు రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గొంతులా అయిపోయింది. కొండమీద నన్నెవరూ ఎరగరు, ఎవరూ ఏమీ అడగరు, అదే పదివేలు అనుకుని పెట్టె సర్దుకున్నాను.

అద్దెకి దొరికింది సగం ఇల్లు. మిగతా సగంలో ఆమె, ఆమె కొడుకు, కోడలు ఉండేవారు. పైన ఒకటే పెంకుల కప్పు. నడుమ మట్టిగోడ ఉంది గానీ అది కప్పుదాకా వెళ్ళేది కాదు. ఇటు చెంచా కింద పడితే అటు వినిపించేది. ముందు అరుగు మీద కూడా నడుమెత్తు గోడ ఒకటి అడ్డంగా కట్టారు, ఇది నీది ఇది నాది అని చెప్పడానికన్నట్టు.

మొదటి రోజు పొద్దున్నే ఆ అరుగు గోడవతల నుంచి ఒక గొంతు వచ్చింది. "టీచరమ్మా, మంచు ఇడిసిందా?"

తలుపు తీసి చూశాను. ఆమె అటువైపు ఆరుబయటే కూర్చుని ఉంది. మంచు ఆమె కళ్ళ ముందే ఉంది, వాకిట్లో కాఫీ చెట్లు కూడా కనబడనంత దట్టంగా.

"లేదండీ, ఇంకా విడవలేదు" అన్నాను చిరాగ్గా.

"అదీ మంచిదే" అంది.

మధ్యాహ్నం నేను బడి నుంచి భోజనానికి వచ్చేసరికి, "ఏటి కూర?" సాయంత్రం, "బజారుకెవులైనా ఎల్తన్నారా? ఎల్తే నాకో అగ్గిపెట్టె." చీకటి పడే వేళకి, "ఆ గుంట ఏటి సేత్తాదో ఇయ్యేల." గుంటంటే టీవీ సీరియల్లో పిల్ల. వాన, కూర, బజారు, టీవీ. ఇంతకు మించి ఆమె నోట ఇంకో ప్రశ్న వచ్చేది కాదు. మర్నాడు పొద్దున్న మళ్ళీ మంచు దగ్గర మొదలుపెట్టేది.

ఆ నోట ఎప్పుడూ చుట్ట ఉండేది. నిప్పున్న కొస నోటి లోపల, చల్లటి కొస బయట. అడ్డపొగ అంటారు. మా వైపు ముసలివాళ్ళలో కూడా చూశాను గానీ, అలా పెట్టుకునే మాట్లాడగలిగిన మనిషిని ఈమెనే చూశాను. పెదవులు కదిలేవి కావు, మాట మాత్రం వచ్చేది. మాట్లాడే ముందు అరచెయ్యి ఒకసారి మోకాలికేసి తుడుచుకునేది, ఏదో వస్తువు అందుకోబోతున్నట్టు.

నాకసలు ఊసుపోక మాటలంటే పడదు. "వంకాయ" అని ఒక్క ముక్క పడేసి లోపలికి పోయేదాన్ని. వెనకనుంచి "అదీ మంచిదే" అని వినిపించేది. చారు అన్నా అదీ మంచిదే. జీపు రాలేదన్నా అదీ మంచిదే. మా హెడ్మాస్టరు సెలవివ్వలేదన్నా అదీ మంచిదే. ఓసారి ఒళ్ళుమండి, "ఏమిటి మంచిది, నా మొహం" అన్నాను. ఆమె చుట్ట తీసి, బూడిద రాల్చి, "ఏటో ఒకటనాల కదమ్మా" అంది. నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు అనుకుంటాను.

కొన్నాళ్ళు పోయాక నాకు తట్టింది. అందరూ అడిగే ఆ ప్రశ్న ఆమె అడగడం లేదు. నా మెళ్ళో పుస్తెలు లేవు, ఇంట్లో మగమనిషి లేడు. రాత్రిళ్ళు నేను ఏడిస్తే గోడ పైనున్న ఖాళీలోంచి అటు వినబడకుండా ఉండదు. అన్నీ తెలిసి కూడా పొద్దున్నే "మంచు ఇడిసిందా" అనే అడిగేది. దానికి జవాబు చెప్పాలంటే నేను పక్కమీంచి లేవాలి, తలుపు తియ్యాలి, బయటికి చూడాలి. రోజూ లేచాను.

ఒకసారి జ్వరం లాంటిదేదో వచ్చి పొయ్యి వెలిగించలేదు. జ్వరమూ కాదు, ఏమీ చెయ్యబుద్ధి కాలేదంతే. "ఏటి కూర?" అంటే "వండలేదు" అన్నాను. మర్నాడూ అదే మాట. అప్పుడు "అదీ మంచిదే" రాలేదు. కాసేపటికి అరుగు గోడ మీద సత్తుగిన్నె పెట్టిన చప్పుడైంది. చోడి అంబలి, అదే రాగిజావ, పక్కన ఒక ఉల్లిపాయ. "నీ కాడ పొగ నేదు. తాగీ. గిన్నె కడిగీసి బేగి ఇచ్చీ, మాపటికి నాకు గావాల" అంది. ఏమైందని గాని, ఒంట్లో ఎలా ఉందని గాని అడగలేదు. నేను తాగి, గిన్నె కడిగి ఇచ్చాను. అడిగింది గిన్నె కాబట్టి ఇవ్వగలిగాను. బాధ అడిగి ఉంటే నా దగ్గర ఇవ్వడానికేమీ లేదు ఆ రోజు.

టీవీ నాది. దాని కోసం సాయంత్రం ఆమె తన పీట తనే తెచ్చుకునేది. గడప దాటేది కాదు. గడపకి అటు పీట వేసుకుని, మెడ చాపి చూసేది. ఆ సీరియల్లో పిల్లకి ఏడవడమే ఉద్యోగం. ఈమెకది నచ్చేది కాదు.

"ఒసే, అప్పుడే ఏటే ఏడుపు? అందరూ కూడు తింతన్నారు. తిన్నాక ఏడు" అని టీవీని కసిరేది.

"పాపం, ఏడవనీ పెద్దమ్మా" అనేదాన్ని.

"ఏడవొద్దంతన్నానేటి? దానికీ ఓ ఏల ఉండాల."

వానాకాలంలో సీరియల్ సగంలో ఉండగా కరెంటు పోయేది. "పోనాది. అదీ మంచిదే" అని మిగతా సగం తనే చెప్పేది. ఆమె కథలో ఆ పిల్ల ఏడుపు మానేసి, సంతకెళ్ళి మిరియాలు అమ్మి, ఓ మేకని కొనుక్కుని ఇంటికొచ్చేది. మరో రోజు ఆ మేక ఈనేది. నిజం చెప్పొద్దూ, టీవీవాడి కథకంటే అదే నయం.

ఎండలు మొదలయ్యాక నేనో పని మీద కిందకి వెళ్ళి, వస్తూ వస్తూ బజార్లో మామిడికాయలు కొనుక్కొచ్చాను. మర్నాడు మధ్యాహ్నం గోడవతల నుంచి "ఏటి కూర?" వచ్చింది.

"మామిడికాయ పప్పు."

చూస్తే, చుట్ట నోట్లోంచి తీసేసి నా వైపే చూస్తోంది.

"ఏ సెట్టుదమ్మా?"

"నర్సీపట్నం బజార్లో కొన్నాను."

అరచెయ్యి మోకాలికేసి తుడుచుకుంది. "కొండ కింద సెట్టే కదా. ఆ సెట్టు మా అమ్మోరి లెక్కలోకి రాదు. తినీ" అంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "తొక్కలు గాని మా వాకిట్లో పడీకు" అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ కొండల్లో ఏ పంటయినా కొత్త పండగ చేసుకోకుండా నోట పెట్టరు. చిక్కుడుకి ఒక కొత్త, సామలకి ఒక కొత్త, మామిడికి ఒక కొత్త. ముహూర్తాలు చూసే దిసారి రోజు చెప్పాలి. ఊరి నడుమ పాతిన రాళ్ళ దగ్గర ముందు దేవతకి పెట్టాలి, ఆ తర్వాత ఇంటింటా చనిపోయినవాళ్ళ పేరున పెట్టాలి, ఆ తర్వాతే బతికున్నవాళ్ళు తినాలి. అందాకా రాలిన పిందెని కూడా పిల్లలు ముట్టరు. మా బడి వాకిట్లో మామిడి చెట్టొకటి ఉంది. దాని వైపు చూస్తూ గుటకలు మింగుతూ ఎక్కాలు చదివేవాళ్ళు. "కొత్త ఎప్పుడు టీచర్?" అని రోజూ నన్నడిగేవాళ్ళు, దిసారి నాకేదో చెవిలో చెప్పినట్టు.

కొత్త రోజున ఆమె నన్నూ తీసుకెళ్ళింది. రాళ్ళ ముందు ప్రతి ఇంటివాళ్ళూ అడ్డాకులు పరిచి తమ తమ పెద్దలకి మామిడి ముక్కలు పెడుతున్నారు. ఆమె తన మొగుడి ఆకు సర్దుతూ, తలెత్తకుండానే, "మీ ఇంటాయనికి మావిడికాయ ఇట్టమేనా?" అంది.

వాన కాదు, కూర కాదు, బజారు కాదు. ఎన్నాళ్ళుగానో అడగనిది అడిగింది. "ఇష్టమే" అన్నాను.

"ఉప్పూ కారం అద్దుకోనా, పప్పులోనా?"

"పప్పులో."

ఇంకో ఆకు తీసి తన మొగుడి ఆకు పక్కనే పరిచి, పప్పు వేసి, ఏరి ఏరి పెద్ద ముక్క పెట్టింది. "ఇద్దరూ ఒక్కసోటే తింతారు. మావోడు మాటకారి. ఒంటిగా ఒగ్గడు మీ ఆయన్ని" అంది. నేను అంతమందిలో నిలబడి భోరున ఏడ్చాను. ఆమె ఆపలేదు, ఓదార్చలేదు. ఆకుల మీద నీళ్ళు చిలకరించి, "ఏడు. కొత్త అయిపోనాది కదా, పరవానేదు" అంది.

ఆ మాటకి అర్థం ఆ సాయంత్రం తెలిసింది. టీవీ ముందు పీట వేసుకుంది గానీ టీవీ చూడలేదు. చుట్ట వెలిగించనూ లేదు. తన మొగుడి సంగతి చెప్పింది.

"మావోడు సరీగ్గా మావిడి కొత్త పొద్దున్నే పోనాడమ్మా. అక్కడ డప్పులు మోగతన్నాయి. ఇక్కడ నాను గొల్లుమన్నాను. ఊరంతా ఇనీసినారు."

ఆ ఊళ్ళో చావు లెక్క ఏడుపు లేచినప్పటి నుంచి. ఆడవాళ్ళ ఏడుపు ఊరికి వినబడితే మైల వచ్చినట్టు. మైల వస్తే దినాలు అయ్యేదాకా కొత్త లేదు. దినాలయ్యి, దిసారి మళ్ళీ మంచి రోజు చూసేసరికి కాయలన్నీ పండి రాలిపోయాయి. పిల్లలకి ఆ ఏడాది మామిడి లేదు. చెట్ల కింద పళ్ళు కుళ్ళి ఈగలు ముసిరాయి. ఆగలేక ఒక పిల్ల పండు తీసి కొరికితే వాళ్ళమ్మ వీపు చిట్లేలా కొట్టిందట. ఆ దెబ్బల చప్పుడు ఈమె ఇంట్లోకి వినబడిందట.

"ఎవులూ నన్నొక్క మాటననేదు టీచరమ్మా. అంటే బాగున్ను. ఆ కుళ్ళు వాసన మా గుమ్మంలోకి వొచ్చీది. ఆడు ఎలాగూ పోనాడు. నాను గాని కూసింత సేపు నోరు మూసుకునుంటే, గుంటలు తినీసుందురు. ఆపైన ఏడిసుందును. ఆపలేకపోనాను" అంది. చెప్పి, పీట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న, "టీచరమ్మా, మంచు ఇడిసిందా?"

అలా ఏళ్ళు గడిచాయి. నేనూ మారాను. "వంకాయ" దగ్గర ఆగకుండా వంకాయలో ఏమేశానో కూడా చెప్పేదాన్ని.

ఒక చలికాలం బజారుకి బయల్దేరుతూ, "పెద్దమ్మా, అగ్గిపెట్టేనా?" అన్నాను.

"ఏటొద్దు" అంది.

తర్వాత సంతకీ అదే. చుట్ట మానేసిందన్నమాట. చుట్ట మానేసే మనిషి కాదు. నోట్లో, అంగిట్లో పుండు లేచింది. కొడుకు విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. వెళ్ళిన జీపులోనే అన్నంత తొందరగా తిరిగొచ్చారు. ఏమన్నారని కోడల్ని అడిగాను. ఆ ఇంట్లో మాటలన్నీ అత్తే వాడేసేది కాబట్టి కోడలికి మిగిలేవి కావు, అడిగితే తప్ప పలికేది కాదు. "ఇంక తిప్పకండన్నారు" అంది. అంతే, చీపురు తీసుకుని వాకిలి ఊడ్చుకుంది.

ఆమె మాత్రం రోగం ఊసు రానిచ్చేది కాదు. ప్రశ్నలు మాత్రం పొట్టివైపోయాయి. "మంచు?" అనేది. "కూర?" అనేది. తర్వాత అదీ కష్టమైంది. ఆమె మంచం మా నడుమనున్న మట్టిగోడకి ఆనించి వేశారు. అప్పుడిక నేనే ఇటు నుంచి మొదలుపెట్టాను. "పెద్దమ్మా, మంచు విడిచింది. ఇవాళ బీరకాయ. జీపు ఆలస్యంగా వచ్చింది. ఆ పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది, పెళ్ళి వాయిదా పడింది." అటు నుంచి మట్టిగోడ మీద అరచేత్తో ఒక చరుపు వినిపించేది. అదీ మంచిదే అన్నమాట. ఊసుపోక మాటలంటే పడని నేను, ఆ చరుపు కోసం రోజంతా కబుర్లు ఏరుకునేదాన్ని. మేకలు పోట్లాడుకున్నా, పిల్లాడెవడో పలక పగలగొట్టినా, పెద్దమ్మకి చెప్పాలి అనుకునేదాన్ని.

మామిడి పూత పోయి పిందెలు వచ్చాయి. పిందెలు కాయలయ్యాయి. ఆమె గొంతులోంచి గంజి దిగడం కూడా కష్టంగా ఉంది. ఊళ్ళో అందరికీ తెలుసు, ఈ ఏడు కొత్తకీ ఈమె ప్రాణానికీ పందెం పడిందని. ఎవరూ పైకి అనలేదు. కొడుకు వెళ్ళి పండగ కాస్త ముందుకి జరపమని దిసారిని అడిగి వచ్చాడట. ఆమెకి తెలిసి కొడుకుతో ఒక పూట మాట్లాడలేదు. అమ్మోరిని తొందరపెట్టడానికి నువ్వెవడివని కోపం. దిసారి తన లెక్క ప్రకారమే రోజు చెప్పాడు. ఆ కబురు గోడ మీదుగా చెప్పింది నేనే. చరుపు రావడానికి చాలాసేపు పట్టింది.

ఆ మధ్యాహ్నం గోడకవతల ఆమె కోడలితో మాట్లాడటం విన్నాను. ఒక్కొక్క మాటకీ నొప్పి దిగమింగుకుని మాట్లాడుతోంది.

"ఇనుకో. నాను పోయీది నా సేతిలో నేదు. నీ నోరు నీ సేతిలో ఉంది. కొత్తకి ముందు నాను పోతే, ఏడిసీకు."

"అదేలాగత్తా..."

"మంచు గురించి మాటాడు. కూర గురించి మాటాడు. గుంటలు తిన్నాక ఎంత గావాలంటే అంత ఏడు. నానేటి అనుకోను."

కోడలు ఏమందో వినబడలేదు. ఆ తర్వాత గంజి గిన్నెలో చెంచా తిప్పుతున్న చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది.

కొత్త పండగ పొద్దున్న నేను తలుపు తీసేసరికి మంచు దట్టంగా ఉంది. దూరంగా డప్పులు కాచుకుంటున్నారు. లోపలికొచ్చి గోడ దగ్గర నిలబడి, "పెద్దమ్మా, మంచు ఇంకా విడవలేదు. ఇవాళే కొత్త" అన్నాను. చరుపు రాలేదు. నిద్రేమో అనుకుని, ఈసారి గట్టిగా అన్నాను. రాలేదు.

అప్పుడు బయట అరుగు మీంచి గొంతొచ్చింది. "టీచరమ్మా, మంచు ఇడిసిందా?"

కోడలి గొంతు. అన్నేళ్ళలో ఆ పిల్ల తనంతట తాను నన్నేదైనా అడగడం అదే మొదటిసారి. బయటికి వెళ్ళాను. రెండు చేతులతో అరుగు గోడ పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ముక్కు మాత్రం ఎర్రబడింది.

"ఇంకా లేదమ్మా" అన్నాను.

"అదీ మంచిదే" అంది. మాట చివర విరగబోతే మింగేసింది. "ఏటి కూర?"

"మామిడికాయ పప్పు" అన్నాను. "కొత్త అయ్యాక."

పెద్దమ్మ కొడుకు వాళ్ళ గుమ్మంలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. రోడ్డు మీద డప్పు భుజానికేసుకుని పోతున్న పెద్దమనిషొకడు ఆగి, "ముసిలమ్మకెలాగుంది?" అన్నాడు.

"పడుకుంది" అంది కోడలు. "బేగి ఎల్లండి మావా. మబ్బేత్తంది."

అతను ఆమె మొహం చూశాడు. గుమ్మంలో ఉన్న కొడుకుని చూశాడు. నన్నూ చూశాడు. తర్వాత తలెత్తి ఆకాశం చూశాడు. "అవును. మబ్బేత్తంది. వానొచ్చీనాగుంది" అని, గబగబా నడిచి వెళ్ళాడు.

మేము రాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి మంచు విడిచింది. ఎక్కడా మబ్బు తునక లేదు. ఏటా మధ్యాహ్నానికి గాని మొదలుపెట్టని దిసారి అప్పటికే దేవతకి పెట్టడం మొదలుపెట్టేశాడు. "ఇంత బేగి ఎందుకు?" అని ఎవరో పిల్లాడడిగాడు. "వానొత్తాది" అంది వాళ్ళమ్మ. "అవునవును, వానొత్తాది" అన్నారు పక్కవాళ్ళు. అంత తెల్లటి ఎండలో ఊరు ఊరంతా వాన గురించే మాట్లాడింది. నేను కూడా పక్కనున్నామెతో, గాలి కూడా తిరిగిందండీ అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. అందరికీ తెలుసు. ఒక్కరూ ఏడవలేదు.

చనిపోయినవాళ్ళకి పెట్టే వంతు వచ్చింది. కొడుకు తండ్రికి ఆకు వేసి ముక్క పెట్టాడు. పక్కనే మా ఆయనకి నేను పెట్టుకున్నాను. దిసారి అటుగా వచ్చి, ఎవర్నీ ఏమీ అడక్కుండా, ఇంకో అడ్డాకు తీసి ఆ ఆకుల పక్కన పరిచాడు. మామిడి ముక్క ఒకటి తీసుకున్నాడు. దాన్ని ఆకులో పెట్టి, బొటనవేలితో మెత్తగా నలిపాడు, నమలక్కర్లేకుండా. కోడలు అది చూసింది. పెదవిని పళ్ళతో పట్టుకుంది, నోరు తెరవలేదు.

పిల్లలందరికీ ముక్కలు పంచారు. ఆఖరి పిల్ల నోట్లో ముక్క పడేదాకా దిసారి అలా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఇంకెల్లమ్మా. వాన రాదులే" అన్నాడు.

ఆమె పరిగెత్తలేదు. మలుపుదాకా మెల్లిగా నడిచింది. మలుపు తిరిగాక ఏడుపు లేచింది. అంత చిన్న మనిషిలో అంత ఏడుపు ఎక్కడ దాచుకుందో తెలియదు. ఇక్కడ ఆడవాళ్ళందరూ ఆకులు కింద పెట్టి లేచారు. దిసారి తలగుడ్డ విప్పి, ఊళ్ళోకి మైల వచ్చిందని చెప్పాడు. పిల్లలు నములుతూనే ఉన్నారు. వాళ్ళని ఆపమని ఎవరూ అనలేదు. నా నోట్లో ముక్క పుల్లగా అలాగే ఉండిపోయింది.

మరుసటి ఏడాది నాకు మళ్ళీ కిందకి బదిలీ అయింది. ఇక్కడ పక్కింటివాళ్ళు ఎవరో నాకు సరిగా తెలియదు. గోడలు కప్పుదాకా ఉన్నాయి. పొద్దున్నే నన్ను లేపి బయటికి చూడమనేవాళ్ళెవరూ లేరు. ఆ గొంతు లేక చెవులు బోసిపోయాయంటే అతిశయోక్తి కాదు.

నిన్న సాయంత్రం ఫోన్ మోగింది. ఎత్తగానే, "టీచరమ్మా, మంచు ఇడిసిందా?" కోడలి గొంతు. ఇప్పుడు బాగానే మాట్లాడుతోంది. అత్త వాడేయగా మిగిలిన మాటలన్నీ దానికే వచ్చాయి.

మా ఊళ్ళో మంచెక్కడిది. ఫ్యాను కింద కూర్చున్నా ఒళ్ళు తడిసిపోతోంది. "ఇడిసిందమ్మా" అన్నాను.

"అదీ మంచిదే. ఇక్కడ కొత్త అయిపోనాది. గుంటలందరూ తినీసినారు. నువ్వూ తినీ." మళ్ళీ, "ఏటి కూర?" అంది.

బజారుకెళ్ళి మామిడికాయలు తెచ్చి పప్పు వండాను. అరిటాకు ముక్కలు రెండు కడిగి పక్కపక్కన పరిచాను. మా ఆయన ఆకులో పప్పు వేసి పెద్ద ముక్క పెట్టాను. పెద్దమ్మ ఆకులో ముక్కని బొటనవేలితో మెత్తగా నలిపి పెట్టాను. తర్వాత నేను కూర్చుని కడుపునిండా తిన్నాను. గిన్నె కడిగి బోర్లించాను. కొత్త అయిపోయింది కాబట్టి, అప్పుడు ఏడ్చాను.